పర్లాకిమిడి షెడ్డులో 1969 అంబాసిడర్: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 20

ముందు బండి వివరాలు. 1969 మోడల్ హిందుస్థాన్ అంబాసిడర్ మార్క్ 2, పెట్రోల్, 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్, నాలుగు గేర్లు, గేరు రాడ్ స్టీరింగ్ పక్కనే. ముందున్న గళ్ల గ్రిల్ అసలుదే, నాలుగు తలుపులూ అసలువే, ప్లేటు మీద ఇప్పటికీ పాత ఒరిస్సా నంబరే. బండి మా పెద్దమావయ్యది. ఇటు గుణుపురం, బరంపురం, అటు పాతపట్నం, టెక్కలి, ఎవరింట్లో పెళ్లయినా ఎవరికి ఒంట్లో బాగోకపోయినా మా వాళ్లందరికీ కదిలిన బండి ఇదే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా రేకుల షెడ్డు దీని మీద కూలింది. టాప్ మీద రెండు చోట్ల సొట్టలు, ముందు అద్దం పగిలింది, ఆ తర్వాత పడ్డ వానలకు నీళ్లు లోపలికి చేరి అడుగు రేకును తుప్పు తినేసింది. అప్పటి నుంచి టార్పాలిన్ కిందే ఉంది.

మావయ్య అమ్మనివ్వలేదు, తను బాగు చేయించే ఓపికా లేదు. ఇప్పుడు నాకు అప్పజెప్పాడు, ఒక్క షరతుతో: ఇంజన్ మార్చకూడదు. మా వైపు మిగిలిన అంబాసిడర్లలో చాలావాటికి డీజిల్ ఇంజనో ఇసుజు ఇంజనో ఎక్కించేశారు, రోజూ తిప్పే బండికి అది తప్పు కాదు, కానీ దీనికి అసలు ఇంజనే ఉండాలన్నది ఆయన మాట, నా మాటా అదే.

ఆయన రోజుల్లో ఈ బండికి ఏదైనా సామాను కావాలంటే బరంపురంలో రెండు కొట్లు చూసి, అక్కడ లేకపోతే పలాసలో హౌరా మెయిల్ ఎక్కి కలకత్తా మల్లిక్ బజార్ దాకా వెళ్లేవాడు. పాత వస్తువును గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని వెళ్లి, కొట్టు కొట్టుకీ చూపించి, దానికి జత దొరికితే తెచ్చుకోవడం. ఒక మెకానిక్, ఒక బజారు, ఒక ముతక నోటుబుక్కు. ఆ నోటుబుక్కు నా దగ్గరుంది. ఆయిల్ మార్చిన తేదీలు, పాయింట్లు మార్చిన తేదీలు, పక్కన ఖర్చు. ఏ భాగం ఏ నంబరు, ఎంత బిగించాలి అనేది ఒక్కచోటా లేదు, ఎందుకంటే అదంతా మేస్త్రీగారి తలలో ఉండేది.

మేస్త్రీగారు పాతపట్నంలో ఉంటారు. కుర్రతనంలో బరంపురం టాక్సీ స్టాండు దగ్గర పని నేర్చుకున్నారు, ఇప్పుడు షాపు కొడుక్కి ఇచ్చేసి ఇంటి దగ్గరే ఉంటున్నారు. బండి సంగతి చెప్పగానే "బాబూ, ముందు దాన్ని పైకి లేపు, కింద ఏం మిగిలిందో చూసి అప్పుడు మాట్లాడదాం" అన్నారు. ఆదివారాలు వస్తానన్నారు.

మే 4

ఇంజన్ విప్పేముందు చదువుకుందామని కూర్చున్నాను, వారం అలాగే గడిచిపోయింది. అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అని అందరికీ తెలిసిందే. కలకత్తా దగ్గర ఉత్తరపాడా ఫ్యాక్టరీలో మొదట తయారైన బండ్లలో సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది, 1959లో దాని బదులు ఇంగ్లండ్ కంపెనీ బీఎంసీ వాళ్ల బీ సిరీస్ 1489 సీసీ వచ్చింది. నాకు తెలియనిదల్లా ఈ ఇంజన్‌కి ఎంతమంది చుట్టాలున్నారన్నదే. ఆస్టిన్ కేంబ్రిడ్జి, ఎంజీ మాగ్నెట్, 1955లో వచ్చిన ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, అమెరికాలో అమ్మిన నాష్ మెట్రోపాలిటన్, అన్నింటిలోనూ ఇదే కుటుంబం ఇంజన్, ఇదే 1489 సీసీ. బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 88.9. ఎంజీఏని ప్రాణంలా చూసుకునేవాళ్లు ఇంగ్లండ్‌లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో వేలమంది ఉన్నారు, వాళ్లు వర్క్‌షాపు మాన్యువల్ పేజీలన్నీ స్కాన్ చేసి పెట్టారు, ఒక్కో నట్టు గురించి వీడియోలు తీశారు. కలకత్తా రైలెక్కి వెతికినా దొరకని సమాచారం, షెడ్డులో స్టూలు మీద కూర్చుంటే ఫోన్‌లోకి వచ్చింది.

చిన్న సంగతే కానీ పని చేసేవాడికి పెద్దది: ఈ ఇంజన్ మీద బోల్టులు చాలావరకు యూఎన్‌ఎఫ్ మరలు, అంటే వాటికి అంగుళాల పానాలు కావాలి, 7/16, 1/2, 9/16 ఇలా. మన డబ్బాలో ఉండే మిల్లీమీటర్ పానాలతో తిప్పితే మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. మా బండి మీద సగం బోల్టులు అలా అరిగినవే. అంగుళాల సెట్టు ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను, ఈ ప్రాజెక్టులో పెట్టిన ఖర్చులన్నింటిలో దీని మీద పెట్టిందే ఎక్కువ ఉపయోగపడింది.

మే 18

హెడ్, అంటే సిలిండర్ల మీది మూత, ఊడదీశాం. ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు రేడియేటర్ ఖాళీ చేసి బ్లాక్ పక్కనున్న డ్రెయిన్ ట్యాప్ తిప్పితే చుక్క పడలేదు. తీగ పెట్టి కెలికితే ఎర్రటి బురద జారింది. హెడ్ స్టడ్ల మీద రెండు రోజుల ముందు నుంచే డీజిల్, గేర్ ఆయిల్ కలిపి పోస్తూ వచ్చాం, కాబట్టి నట్లు ఇబ్బంది పెట్టలేదు, హెడ్ మాత్రం కదల్లేదు. మేస్త్రీగారు స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తనివ్వలేదు. ప్లగ్గులు తిరిగి బిగించి హ్యాండిల్‌తో ఇంజన్ తిప్పించారు, లోపల గాలి ఒత్తిడికే హెడ్ కొంచెం పైకి లేచింది, ఆ తర్వాత చెక్క సుత్తితో చుట్టూ తడితే చేతికొచ్చేసింది. అదే పద్ధతి తర్వాత ఒక ఇంగ్లీషాయన వీడియోలో చూశాను. ఈయన ఆ వీడియో జన్మలో చూడలేదు.

రెండో సిలిండర్ గోడ మీద నీళ్లు నిలిచిన చార ఉంది, గోరు పెడితే తగులుతోంది. బరంపురంలో లేత్ షాపుకి బ్లాకు పంపితే తప్ప లాభం లేదు. పిస్టన్ల దగ్గరే అసలు తికమక. ఇంటర్నెట్‌లో సులభంగా దొరికేవి ఎంజీఏ పిస్టన్లు, బోరు అదే, పిన్ను అదే, చూడ్డానికి సరిపోతాయి. కానీ ఎంజీఏ కంప్రెషన్ నిష్పత్తి 8.3, మన బండి అంతకంటే తక్కువ కంప్రెషన్‌కి చేసినది, మన పిస్టన్ల తల వేరు. ఫోటో చూసి ఆర్డరు పెట్టేస్తే ఇంజన్ బిగించాక తెలుస్తుంది తేడా. మేస్త్రీగారు పాత పిస్టన్ చేతిలో పెట్టుకుని తలమీద వేలు రాసి, "ఇది మన బండిది, దీనికి మన పిస్టనే కావాలి" అని తేల్చేశారు. ముప్ఫై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజు, ఇక్కడ తయారైన సెట్టు, మల్లిక్ బజార్లో ఒక కొట్టాయన వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. పిస్టన్ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయమన్నాను, తల పైనుంచి ఒకటి, పిన్ను వైపు నుంచి ఒకటి, డబ్బా మీద నంబరు ఒకటి. అవి చూసి మేస్త్రీగారు ఊఁ అన్నాకే డబ్బు పంపాను. మావయ్య రెండు రాత్రుల ప్రయాణం ఆ మూడు ఫోటోల్లోకి వచ్చేసింది, గుడ్డలో చుట్టి తీసుకెళ్లిన పాత వస్తువు బదులు స్కేలు పక్కన పెట్టిన ఫోటో.

ఈ ఇంజన్‌లో పిస్టన్ పిన్నును కనెక్టింగ్ రాడ్ పైచివర ఒక చిన్న క్లాంప్ బోల్టు పట్టుకుని ఉంటుంది. దాన్ని బిగించేటప్పుడు రాడ్‌ని వైస్‌లో పెట్టకూడదు, మెలిపడుతుంది. పిన్నుకి రెండు వైపులా బిరడాల్లాంటివి పెట్టి వాటిని వైస్‌లో పట్టాలి. మాన్యువల్లో దీనికి బొమ్మ ఉంది. మేస్త్రీగారి సంచిలో ఆ బిరడాలు ఉన్నాయి, ఎప్పుడో లేత్ మీద తీయించుకున్నవి, నూనె గుడ్డలో చుట్టి.

జూన్ 1

ఈ వారం పని తక్కువ, కోపం ఎక్కువ. వెనక బంపర్ కోసం మార్కెట్‌ప్లేస్‌లో ఒక ప్రకటన చూసి ఒకాయనకి అడ్వాన్సు పంపాను, రెండో రోజు నుంచి నంబరు పనిచేయడం లేదు, ప్రకటన కూడా తీసేశాడు. ఆ బంపర్ ఫోటోనే వేరే ఊరి పేరుతో ఇంకో ప్రకటనలో కనిపించింది. సైబర్ ఫిర్యాదు పెట్టాను.

డబ్బు సంగతి అలా ఉంచితే నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. 2014లో ఉత్తరపాడా ఫ్యాక్టరీ ఆగిపోయాక, ఆ తర్వాత పేరు కూడా 2017లో ఫ్రెంచి కంపెనీకి 80 కోట్లకు అమ్ముడుపోయాక, పాత అంబాసిడర్ అంటే జనానికి ప్రేమ పెరిగింది. మంచిదే. కానీ నిన్నటి దాకా తూకానికి అమ్మే తుక్కు కొట్టువాడు కూడా ఇప్పుడు ఫోన్ తెరిచి, మార్క్ 2 గ్రిల్ హైదరాబాద్‌లో ఎంత పలుకుతోందో, టెయిల్ లైటు అద్దం బెంగళూరులో ఎంత పలుకుతోందో చూసుకుంటున్నాడు. మొత్తం బండిగా అమ్మితే వచ్చేదానికంటే గ్రిల్ వేరు, మీటరు వేరు, డోర్ హ్యాండిళ్లు వేరుగా అమ్మితే ఎక్కువ వస్తుందని తెలిసింది. దాంతో ఇంకా లేపగలిగిన బండ్లను కోసేస్తున్నారు. రాయగడ వైపు ఒక మార్క్ 2 ఉందని విని వెళ్లేసరికి ముందు సగం అప్పటికే పార్సిళ్లలో వెళ్లిపోయింది. నాకు కావలసిన సామాను అలాంటి బండి నుంచే వస్తుందని తెలుసు, అయినా నడిపించగల బండిని కోయడం ఒప్పుకోలేను. నేను పెట్టుకున్న నియమం: ప్రమాదంలో పోయిన బండి, లేదా అడుగంతా కుళ్లిపోయిన బండి, వాటి నుంచి తీసిన సామానే కొంటాను, అమ్మేవాణ్ణి మొత్తం బండి ఫోటో అడుగుతాను. చూపించనంటే వదిలేస్తాను.

జూన్ 22

బ్లాకు బరంపురం నుంచి వచ్చింది. హెడ్ కూడా. హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు గట్టివి కొట్టించాను, ఎందుకంటే ఈ ఇంజన్ తయారైనప్పుడు పెట్రోల్లో సీసం ఉండేది, అదే వాల్వ్ సీట్లను కాపాడేది. మన దేశంలో 2000 నుంచి సీసం లేని పెట్రోలే. మెత్తటి ఇనుము సీట్లు అలాగే వదిలేస్తే కొన్నాళ్లకు వాల్వ్ లోపలికి దిగబడిపోతుంది.

ఈ నెలంతా వైరింగ్. బండిలో ఉన్నవన్నీ ఎప్పుడెప్పుడో ఎవరెవరో వేసిన వైర్లు, ఏ రంగు దొరికితే అది. స్టీరింగ్ కింద గుత్తిలా వేలాడుతున్న ముడి విప్పడానికే చాలా సేపు పట్టింది. ఇన్సులేషన్ టేపు పొరలు ఒక్కొక్కటీ ఒలుచుకుంటూ పోతే లోపల అసలు వైరు బయటపడింది, పైన నూలు అల్లిక, రంగు చచ్చిపోయి మట్టి రంగులో ఉంది. తడిగుడ్డతో తుడిచి, టేపు కింద ఎండ తగలని చోట టార్చ్ లైటులో చూస్తే అప్పుడు కనిపించింది, తెలుపు. ఇగ్నిషన్ వైరు. ఆ పక్కది ఆకుపచ్చ.

లూకాస్ అనే ఇంగ్లీషు ఎలక్ట్రికల్ కంపెనీ రంగుల పద్ధతి ఒకసారి బుర్రకెక్కితే ఈ పని చాలా తేలిక. గోధుమరంగు అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటు. తెలుపు ఇగ్నిషన్ తాళం తిప్పాక వచ్చేది. ఆకుపచ్చ, తాళం తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది. ఊదా, ఎప్పుడూ ఉండే కరెంటే కానీ ఫ్యూజు దాటినది. ఎరుపు సైడు లైట్లు, టెయిల్ లైట్లు. నీలం హెడ్‌లైట్లు, అందులో నీలం మీద తెలుపు గీత ఉంటే హై బీమ్, ఎరుపు గీత ఉంటే డిప్. నలుపు ఎర్త్. ఇంగ్లండ్‌లో దశాబ్దాల పాటు చాలా బండ్లలో ఇదే నడిచింది కాబట్టి ఇంటర్నెట్‌లో పట్టికలు కొల్లలు. కొత్త వైర్లు అవే రంగుల్లో, గీతలతో సహా, మీటరు లెక్కన తెప్పించి పాత హార్నెస్‌ని నేల మీద పరిచి దాని పక్కనే కొత్తది అల్లుతున్నాను. మా పక్కింటి ఎలక్ట్రీషియన్ అన్నీ ఒకే రంగు వేసి నంబర్లు అంటిస్తే సరిపోతుంది కదా అన్నాడు. పనైతే జరుగుతుంది. కానీ ఇరవై ఏళ్ల తర్వాత ఈ డాష్‌బోర్డు కింద తల పెట్టేవాడికి రంగు చూడగానే తెలియాలి, అంటించిన నంబరు అప్పటికి రాలిపోతుంది.

జులై 13

వాన. మహేంద్రతనయ నిండుగా పోతోంది, షెడ్డులో తేమ ఎంతంటే పొద్దున తుడిచిన లోహం సాయంత్రానికి ఎర్రబడుతోంది. బోరు గోడలకు ఆయిల్ రాసి గుడ్డ కప్పాను. పెయింటు మాట దసరా దాటాకే.

అడుగు రేకు పని ఎండ ఉన్న రోజుల్లో కొద్దికొద్దిగా సాగుతోంది. ఈ బండికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్, కాబట్టి తలుపుల కింద గట్లు కోసేముందు బాడీని సమంగా నిలబెట్టి, తలుపులు బిగించే ఉంచి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. ముందు చక్రాల టార్షన్ బార్ల (స్ప్రింగుల బదులు ఉండే కడ్డీల) వెనక కొసలు అడుగున క్రాస్ మెంబర్‌లో దిగి ఉంటాయి. అక్కడ తుప్పు ఉంటే పైపైన రేకు అతికించి వదిలేయడం ప్రాణాలతో చెలగాటమే. మాది అదృష్టం, స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచినా దిగలేదు. టింకరింగ్ చేసే అబ్బాయి ఒడియా వాడు, చేతిలో మంచి పని ఉంది, లప్పంతో నింపేయడం అతనికీ నచ్చదు.

ఆగస్టు 10

ఈ ఎంట్రీ కోసమే ఈ డైరీ మొదలుపెట్టానేమో అనిపిస్తోంది.

గేర్లు. స్టీరింగ్ పక్కనున్న రాడ్ నుంచి కిందికి, అక్కడి నుంచి గేర్ బాక్సుకి లింకులు వెళ్తాయి. ఆ కీళ్లలో బుష్‌లు, అంటే పిన్ను చుట్టూ ఉండే చిన్న గొట్టాలు, అరిగితే రెండులో వేద్దామంటే ఎక్కడో ఇరుక్కుంటుంది, రివర్స్ దొరకదు. మా బండిలో ఒక బుష్‌కీ దాని పిన్నుకీ మధ్య అర మిల్లీమీటరు వదులు ఉంది. అలాంటి కీళ్లు నాలుగైదు వరసగా ఉంటే పైన చేతి దగ్గరికి వచ్చేసరికి ఎంత వదులో ఊహించుకోండి.

ఇంటర్నెట్‌లో వెతికాను. ఆక్స్‌ఫర్డ్ బొమ్మలు దొరికాయి. మా లింకు వాటికి సరిపోవడం లేదు, మా దాంట్లో ఒక లివర్ వంపు వేరుగా ఉంది. ఎంజీఏకి ఈ లింకులే లేవు, దాని గేరు రాడ్ నేల మీద ఉంటుంది. ఇంజన్ గురించి వెతికితే వరదలా వచ్చిన సమాచారం, గేర్ లింకు దగ్గరికి వచ్చేసరికి ఎండిపోయింది. ఎందుకంటే అక్కడివాళ్లకి మా బండి అవసరం లేదు. 1489 ఇంజన్ గురించి తెలిసినదంతా ఎంజీఏ పుణ్యమా అని మనకు దక్కింది. అంబాసిడర్‌కి మాత్రమే ఉన్న సంగతులు, ఉత్తరపాడాలో అరవై, డెబ్బై, ఎనభైల్లో చేసిన మార్పులు, ఏ ఏడు బండికి ఏ లివర్ వచ్చింది, ఏ స్టబ్ ఆక్సిల్ దేనికి పడుతుంది, ఇవన్నీ టాక్సీ స్టాండుల దగ్గర పనిచేసిన మేస్త్రీల చేతుల్లో ఉన్నాయి. వాళ్లు రాయలేదు, వాళ్లని ఎవరూ అడగలేదు. తెలుగులో వెతికితే అంబాసిడర్ జ్ఞాపకాలు దొరుకుతాయి, పెళ్లి ఊరేగింపులు, మంత్రుల కార్లు, ఎర్ర బుగ్గలు. గేర్ లింకు ఎలా సర్దాలో ఒక్కరూ చెప్పరు.

మేస్త్రీగారు లింకు చూసి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "ఇది ఇంగ్లీషు బొమ్మలో ఉండదు బాబూ, ఇది మనవాళ్లు మార్చారు. దీనికి ఇత్తడి బుష్ వద్దు, నైలాన్ కడ్డీ తీసుకుని లేత్ మీద బుష్ తీయించు, కొంచెం బిగువుగా ఉంచు, తర్వాత అదే దారి చేసుకుంటుంది" అన్నారు. కిందికి దూరి, ఒక లివర్ పట్టుకుని, నన్ను పైన న్యూట్రల్‌లో పట్టుకోమని, రెండో లివర్‌కి ఎదురుగా ఉన్న చిన్న రంధ్రంలో ఒక పాత డ్రిల్ బిట్టు దూర్చారు. రెండు రంధ్రాలూ ఒక వరసలోకి వస్తే అదే న్యూట్రల్, అక్కడ రాడ్ పొడవు సర్దితే గేర్లన్నీ వాటి చోటికి అవే వస్తాయి. లేత్ దగ్గర తీయించిన నైలాన్ బుష్‌లు వేసి ఆ పద్ధతిలో సర్దాక గేర్ రాడ్ చిటికెన వేలితో కదులుతోంది.

ఇదంతా వీడియో తీశాను. మొదట ఆయన ఫోన్ చూసి మాట మానేశారు. కెమెరాని ఆయన మొహం మీద పెట్టకుండా చేతుల మీద పెట్టి, నేను పక్కన పడుకుని ఏదో అడుగుతూ ఉంటే మామూలుగా చెప్పుకుంటూ పోయారు. కొంత తెలుగు, కొంత ఒడియా, మధ్యలో పనివాళ్ల మాటలు. వర్నియర్‌తో ప్రతి బుష్ లోపలి కొలత, బయటి కొలత, పొడవు తీసి కాగితం మీద బొమ్మ గీసి దాన్నీ ఫోటో తీశాను. అదే రోజు రాత్రి పాత బండ్ల గుంపులో పెట్టాను. పొద్దున లేచేసరికి విజయనగరం నుంచి ఒకరు, జయపురం నుంచి ఒకరు, ఇంకా ఆశ్చర్యం, చంద్రపూర్ దగ్గర్నుంచి తెలుగాయన ఒకరు, అదే కొలతలతో బుష్‌లు తీయిస్తామన్నారు. చంద్రపూర్ ఆయన తన బండి లివర్ ఫోటో పెట్టారు, వంపు మా దానిలాగే ఉంది. అంటే మాదొక్కటే ఎవరో వంచింది కాదు, ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చింది. మేస్త్రీగారు చెప్పింది నిజమని ఒక ఫోటోతో రుజువైంది. ఆయనకి చూపిస్తే "అదేగా నేను చెప్పింది" అని ఊరుకున్నారు కానీ, ఆ ఫోటోని రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశారు.

ఆన్‌లైన్ అంటే నాకు ఇన్నాళ్లూ తెచ్చుకునే చోటు. ఈ వారం నుంచి ప్రతి ఆదివారం మేస్త్రీగారి దగ్గర ఒక్క పనైనా, పూర్తిగా, కొలతలతో రికార్డు చేసి పెట్టాలని నిర్ణయించుకున్నాను. ఆయనకి డెబ్బై దాటాయి.

ఆగస్టు 31

ఇంజన్ బిగించేశాం. సైడు కవర్ల కార్క్ ప్యాకింగులు, టైమింగ్ చైన్ కొత్తవి. ఈ ఇంజన్‌కి క్రాంకు వెనక మామూలు ఆయిల్ సీలు ఉండదు, షాఫ్టు మీదే మరలాంటి గాడి ఉంటుంది, తిరుగుతూ ఆయిల్‌ని మళ్లీ లోపలికి లాక్కుంటుంది. కాబట్టి కొంత కారుతుంది, సీలు పోయిందని గేర్ బాక్సు దింపేయకండి. ముందు బ్రీదర్ గొట్టం మూసుకుపోయిందేమో చూడండి, క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగితే ఆయిల్ వెనక నుంచే బయటికి వస్తుంది.

కార్బురేటర్ ఎస్‌యూ అనే ఇంగ్లీషు రకం. దీని సామాను ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీలో ఇప్పటికీ తయారవుతోంది, పోస్టులో వస్తుంది, కస్టమ్స్ కట్టాలి. ఆర్డరు పెట్టేముందు లోపలి సూది ఏదో తెలియాలి. దాని అక్షరాలు సూది పైభాగం మీద చెక్కి ఉంటాయి, అగ్గిపుల్ల కంటే సన్నటి చోట. కంటికి కనపడలేదు. పెట్రోల్లో కడిగి, సుద్దపొడి రాసి, ఫోన్ కెమెరాలో దగ్గరగా పెట్టి తీస్తే అక్షరాలు తెల్లగా పైకి తేలాయి.

పెట్రోల్ సంగతి జాగ్రత్తగా చూసుకోవాలి. బంకుల్లో ఇప్పుడు ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు పైపులు మెత్తబడి లోపల పొరలు పొరలుగా ఊడతాయి, కార్క్ ప్యాకింగులు పాడవుతాయి, బండి నెలల తరబడి నిలబడితే ఇథనాల్ గాల్లో తేమ లాక్కుని ట్యాంకు అడుగున తుప్పు పట్టిస్తుంది. ఇంగ్లండ్ వాళ్ల సలహాలు చదివితే అవి ఈ10 గురించి, అక్కడ 2021 నుంచి అదే మామూలు పెట్రోలు, అది వద్దనుకున్న పాత బండ్ల వాళ్లకి ఈ5 కూడా దొరుకుతోంది. మనకి ఆ ఎంపిక పర్లాకిమిడి బంకులో లేదు. వాళ్ల వాతావరణం వేరు, వాళ్ల పెట్రోలు వేరు. అందుకని పైపులన్నీ ఎస్‌ఏఈ జే30 ఆర్9 రకం వేశాను, ఫ్లోట్ సూదికి విటాన్ (పెట్రోలుకి తట్టుకునే రబ్బరు) కొస ఉన్నది పెట్టాను, పాత పైపు ముక్కనీ కొత్త పైపు ముక్కనీ రెండు సీసాల్లో మన బంకు పెట్రోల్లోనే ముంచి, మూత బిగించి, ఇంటికి దూరంగా నీడలో ఉంచాను. నెల నెలా ఫోటో తీసి పెడతాను. మన ఎండలో, మన తేమలో ఏం జరుగుతుందో మనమే చూసి చెప్పుకోవాలి.

మధ్యాహ్నం స్టార్ట్ చేశాం. డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) అపసవ్య దిశలో తిరుగుతుంది, సిలిండర్లు మండే వరస 1-3-4-2, వైర్లు మళ్లీ ఒకసారి సరిచూసుకుని, పాయింట్ల సందు 15 థౌ పెట్టి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా ప్లగ్గులు తీసి తిప్పాం. ఆ తర్వాత ప్లగ్గులు వేసి తాళం తిప్పితే రెండు దగ్గులు, మూడోసారి అందుకుంది. మావయ్య కుర్చీలోంచి లేచి బానెట్ దగ్గరికొచ్చి, చెవి పెట్టి విని, "టాపెట్లు కొంచెం వదులుగా ఉన్నాయిరా, ఉండనీ, బిగువు కంటే అదే నయం" అన్నాడు.

వేడెక్కాక మిక్చరు సర్దాం. కార్బురేటర్ కింద చిన్న పిన్నుని పైకి నెడితే లోపల పిస్టన్ కొద్దిగా లేస్తుంది. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, పడిపోతే తక్కువైనట్టు, ఒక్క క్షణం పెరిగి మామూలుకి వస్తే సరిగ్గా ఉన్నట్టు. మాన్యువల్ ఇలాగే చెబుతుంది. మేస్త్రీగారు పిన్ను ముట్టుకోలేదు, సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి చూసి జెట్ నట్టు కొద్దిగా తిప్పమన్నారు. తర్వాత నేను పిన్నుతో చూస్తే అక్కడే ఉంది. ఇది కూడా వీడియోలో ఉంది.

సెప్టెంబరు 14

బ్రేకులు ఇంకా కాలేదు కాబట్టి బండి షెడ్డు బయటి దాకానే. వీల్ సిలిండర్ల రబ్బర్లు వచ్చాయి, మాస్టర్ సిలిండర్ కిట్టు రావాలి.

ఈలోగా కాగితాలు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల కింద, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత బండికి దరఖాస్తు చేసుకోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజన్ మార్చేసిన బండికి వర్తించదు, మావయ్య షరతు ఇక్కడ కలిసొచ్చింది. అప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండి పాత నంబరు ఉంచుకోవచ్చు, కొత్తగా చేయించుకుంటే మధ్యలో వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు, కొత్తదానికి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే వింటేజ్ కింద నమోదైతే రోజువారీ తిరగడం కుదరదు, ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు, ఇలాంటి వాటికే రోడ్డెక్కాలి. మావయ్యకి పాతపట్నం దాకా వెళ్లి మేస్త్రీగారింటి ముందు ఆపాలని కోరిక, అందుకని అందులోకి మార్చాలా, మామూలు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాలా అని ఇంకా మాట్లాడుకుంటున్నాం. నా ఓటు రెన్యూవల్‌కే. ఈ బండి జనంలో తిరగాలి.

మేస్త్రీగారి దగ్గర ఇప్పటిదాకా రికార్డు చేసినవి: గేర్ లింకు, క్లాంప్ బోల్టు, హెడ్ లేపడం, ఎస్‌యూ సర్దడం. వచ్చేవారం వెనక కమాన్ల బుష్‌లు, ఆ తర్వాత డైనమో బ్రష్‌లు. డైనమో విషయంలో ఆయనకొక పద్ధతి ఉంది, కమ్యుటేటర్ రాగి పలకల మధ్య మైకాని రంపపు బ్లేడు ముక్కతో గీస్తారు, ఆ ముక్కని ముందుగా ఎంత సన్నగా అరగదీయాలో చేతులు దగ్గరగా చూస్తే తప్ప తెలియదు, వెలుతురు బాగున్న రోజు తీయాలి.

ఒక సహాయం కావాలి. 1968 నుంచి 1972 మధ్య మార్క్ 2 ఉన్నవాళ్లు హ్యాండ్ బ్రేకు కేబుల్ వెనక ఆక్సిల్ దగ్గర ఎలా పట్టి ఉందో కింద నుంచి ఒక ఫోటో తీసి పెట్టండి, పక్కన స్కేలు మాత్రం మరిచిపోకండి. మా దాంట్లో ఆ బ్రాకెట్టే లేదు, ఎప్పుడు పోయిందో మావయ్యకీ గుర్తులేదు. కొలత దొరికితే ఇక్కడ రేకు కోసి చేయించేస్తాను, చేశాక ఆ బొమ్మ కూడా పెడతాను.